కూబెలిక్ మాలర్ 1 + ‘గెజెల్లెన్’ పాటలు: ముందు ఏవి వినాలి?

తీగలపిచ్చి: డాయిచె గ్రామొఫోన్ కంపెనీ ‘ఒరిజినల్స్’ సీడీ. 1–4 ట్రాక్‌లు కండక్టర్ కూబెలిక్ నడిపిన మాలర్ మొదటి సింఫనీ, 5–8 మాలర్‌వే నాలుగు ‘గెజెల్లెన్’ పాటలు, గాయకుడు ఫిషర్-డీస్కావ్. ఏ వరుసలో వినాలి? కంప్యూటర్‌లోకి రిప్ (కాపీ) ఏ ఫార్మాట్‌లో?

ఐదో_ట్రాక్: పాటలే ముందు. రెండో పాట ‘గింగ్ హొయ్ట్ మోర్గెన్’ బాణీ చెవిలో ఉండగా సింఫనీ మొదటి మూవ్‌మెంట్ (భాగం) పెట్టండి, చెల్లోలు దాన్నే ఎత్తుకుంటాయి. మూడో మూవ్‌మెంట్ మధ్యలో మెత్తగా వచ్చేది నాలుగో పాటలోని లిండెన్ చెట్టు. పాట తెలియకపోతే అక్కడ పోయేదే ఎక్కువ.

బేస్_రాజు: ఆ మూవ్‌మెంట్ మొదలు సంగతి చూడండి ముందు! 1992లో వచ్చిన స్కోరు ఎడిషన్ పేరు చెప్పి డబుల్ బేస్‌లన్నిటినీ (అన్నిటికన్నా మంద్రంగా పలికే పెద్ద తీగవాద్యాలు) కలిపి వాయింపిస్తున్నారు ఇప్పుడు. మ్యూట్ (ధ్వని తగ్గించే బిళ్ల) వేసుకుని, పై స్థాయిలో, ఒక్కడే ఇబ్బందిపడుతూ లాగితేనే శవయాత్రలా సాగే ఆ సంగీతంలో వెటకారం.

స్కోరు_చూడు: అక్కడ స్కోరులో ‘సోలో’ అని రాస్తే ఒక్కడే అని కాదండీ, ఆ విభాగం పైకి వినపడాలనీ కావచ్చు. స్కోరు ముందు పెట్టుకుని చెబుతున్నా.

బేస్_రాజు: మాలర్ దగ్గర పనిచేసిన కండక్టర్ బ్రూనో వాల్టర్‌కి తెలీదా మరి? ఆయన 1961 రికార్డింగ్‌లో ఒక్క బేసే. మీ స్కోరు మీ దగ్గరే ఉంచుకోండి.

మోనో_మామ: పాటలకైతే కండక్టర్ ఫుర్ట్‌వెంగ్లర్‌తో ఫిషర్-డీస్కావ్ చేసిన 1952 రికార్డింగే. అప్పటికి గాయకుడికి 27 ఏళ్లు. కూబెలిక్ దగ్గరికొచ్చేసరికి మూడో పాట ‘గ్లూయెన్డ్ మెస్సర్’లో ప్రతి మాటనీ నొక్కేస్తాడు.

ఐదో_ట్రాక్: నొక్కకపోతే ఆ పాటలో ఆర్కెస్ట్రా గొంతుని మింగేస్తుంది మామగారూ. అన్నట్టు, సింఫనీకి ఈ పాటల్ని జోడీ కట్టడం కంపెనీవాళ్ల తెలివి కాదు. 1896 మార్చి 16న బర్లిన్‌లో మాలర్ ఒకే కచేరీలో రెండూ వినిపించాడు. సింఫనీలోంచి ‘బ్లూమినె’ అనే మూవ్‌మెంట్ తీసేసింది కూడా అప్పుడే.

కొత్తశ్రోత: మొదట్లో ఏమీ వినపడట్లేదు, సీడీ పాడైందా?

స్కోరు_చూడు: పాడవలేదు. తీగవాద్యాలన్నీ ఒకే ‘ఏ’ స్వరాన్ని ఏడు స్థాయిల్లో, అతి సన్నగా పట్టుకుంటాయి. వాల్యూమ్ పెంచారో, నాలుగో ట్రాక్ మొదట్లో తాళాల (సింబల్స్) దెబ్బకి స్పీకర్ల ముందు నిలబడలేరు. క్లారినెట్‌లో వచ్చే కక్కూ కూత వినపడేంతకి వాల్యూమ్ పెట్టుకోండి చాలు.

కొత్తశ్రోత: కోయిలా?

స్కోరు_చూడు: మన కోయిల కాదు, యూరప్ కక్కూ. అదీ అసలు పిట్టలా కాక నాలుగు స్వరాల దూరం దిగుతుంది.

తీగలపిచ్చి: రిప్ సంగతి ఎవరూ చెప్పలేదు.

మోనో_మామ: ఫ్లాక్, నాణ్యత పోగొట్టని ఫార్మాట్. ఎంపీ3 అయితే ఫైలు మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది. మూడో ట్రాక్ నుంచి నాలుగోదానికి ఆగకుండా దూకాల్సిన చోట కొన్ని ప్లేయర్లలో చిన్న ఖాళీ వస్తుంది, ఆ దెబ్బ అదరదు.

బేస్_రాజు: ఒక్క బేసే.