సమస్యాపూరణం: నడచు గడియారమున ముల్లు నడువకుండు

సమస్య ఇచ్చినవారు: మేనకోడలు డిగ్రీ పూర్తిచేసింది. కాటన్ కుర్తా మీదికీ జీన్స్ మీదికీ రోజూ పెట్టుకునేలా బంగారు రంగు క్రోనోగ్రాఫ్ వాచీ (మీట నొక్కి పట్టిన సమయాన్ని కొలిచే ఏర్పాటూ ఉన్న వాచీ) కొందామని షాపుకి వెళ్లాం. అక్కడ తట్టిన పాదమిది. ఛందస్సు తేటగీతి. గడియారం నడుస్తూ ముల్లు నడవకపోవడమనే విరోధం తీరేలా, వాచీ సంగతి వదలకుండా పూరించండి.

మొదటి పూరణ:

చిన్న వలయాన సెకనులు చెలగి తిరుగ,
పెద్దముల్లు పన్నెండుపై వేచియుండు
మీట నొక్కెడిదాక, నీ మేలిపసిడి
నడచు గడియారమున ముల్లు నడువకుండు.

సమస్య ఇచ్చినవారు: అక్కా, మాకు ఎదురైంది అచ్చంగా ఇదే! పెద్దముల్లు బిగుసుకుపోయినట్టు ఉంటే "ఇది పాడైంది మామయ్యా" అని పిల్ల వాచీ పక్కన పెట్టేసింది. 2 అంకె పక్కనున్న మీట నొక్కితే ముల్లు బయల్దేరింది, మళ్లీ నొక్కితే ఆగింది, 4 పక్కనున్నది నొక్కగానే గిర్రున పన్నెండుకి చేరింది. పద్యం ధార బాగుంది. అయితే మేలిపసిడి అంటే మేలిమి బంగారం కదా, ఇది స్టీలు మీద పూత. గాజులకు ఒరుసుకుంటే ముందు అంచులే వెలిసిపోతాయి, అందుకే గాజుల్లేని చేతికి పెట్టుకోమన్నాను. "నీ మెఱుగుపూత" అని మార్చండి. యతి చెడదు, మాట నిజమవుతుంది.

రెండో పూరణ:

కొత్తదని తెచ్చి చూడంగ గుండె జారె!
కీకి తొడిగిన తునకను గిల్లకున్న
బాగు బాగని మెచ్చిన బంగరొలుకు
నడచు గడియారమున ముల్లు నడువకుండు.

సమస్య ఇచ్చినవారు: బ్యాటరీ అరగకుండా కీ కింద పెట్టే ప్లాస్టిక్ ముక్కను పద్యంలోకి తేవడం నాకెంతో నచ్చింది. కానీ ఆ ముక్క ఉన్నంతసేపూ వాచీయే నడవదు. అప్పుడు "నడచు" అన్న మాట ఊరికే మిగిలిపోయింది, విరోధం తీరలేదు. ఇంకోసారి ప్రయత్నించండి.

మూడో పూరణ:

పారిసందున గుఱ్ఱాల పందెమందు
తిరుగు పలకపై మసిచుక్క దిగిన నాటి
కాలమును వ్రాయు తొలి యంత్ర ఘనత గనుడు:
నడచు గడియారమున ముల్లు నడువకుండు.

(పారిసందున అంటే పారిస్‌లో. మసి అంటే ఇక్కడ సిరా. 1821లో నికొలా రియుసెక్ పందెంలో వాడిన యంత్రంలో తిరిగేది పలక, ముల్లు కాదు. ముల్లు ఆ పలక మీద సిరా చుక్క వేసేది. గ్రీకు మూలమున్న క్రోనోగ్రాఫ్ అన్న మాటకు కాలాన్ని రాసేదని అర్థం.)

సమస్య ఇచ్చినవారు: ఈ దారి నాకు తట్టనే లేదండీ. విరోధం పూర్తిగా తీరింది. నా ఓటు దీనికే.

మరో సభ్యురాలు: నాది ఒక్క పాదమే కుదిరింది. "సన్న చేతికి నలువది యెక్కువగును."

సమస్య ఇచ్చినవారు: గణాలు సరే, యతి తప్పిందమ్మా. "సన్న చేతికి నలువది చాల పెద్ద" అంటే సరిపోతుంది. మాటైతే నూటికి నూరుపాళ్లు నిజం. 40 మిల్లీమీటర్ల వాచీ పెడితే పట్టీ తగిలించే కొమ్ములు మా పిల్ల మణికట్టు దాటి బయటికొచ్చాయి. 36 కొన్నాం. పట్టీలో రెండు లింకులు తీయించాక చేతిమీద కుదురుగా నిలిచింది. మిగిలిన మూడు పాదాలూ రాయండి, ఎదురుచూస్తుంటాను.