‘కాన్ ఈ గమ్రి’: దేశమా, జనమా?

వేసవిగాలి: వెల్ష్ బృందం దట్‌బ్లగి వాళ్ళు బీబీసీ రేడియో 1లో పాటల వ్యాఖ్యాత జాన్ పీల్ కార్యక్రమం కోసం చేసిన సెషన్లు మళ్ళీ వింటున్నాను. 1987–93 మధ్య ఐదు చేశారు. డ్రమ్ మెషీన్ టకటక, చవక కీబోర్డు, దాని మీద డేవిడ్ ఎడ్వర్డ్స్ పాడుతున్నాడో తిడుతున్నాడో తేలని గొంతు. ఆల్బమ్‌ల కన్నా ఇవే నాకిష్టం, నగిషీ తక్కువ. అక్కణ్ణుంచి ‘లిబర్టినో’ (1993)కి వెళ్తే ‘కాన్ ఈ గమ్రి’ దగ్గర ఆగిపోయాను. ‘వేల్స్‌కో పాట’ అనా, ‘వెల్ష్ వాళ్ళకో పాట’ అనా?

శకటరేఫ: అట్ట మీద ఉన్నది జనమే. దేశానికి చివర ‘యు’, జనానికి ‘వై’ రాస్తారు, పలికితే రెండూ ఒకటే. ‘యు’తో రాస్తే అది 1969 నుంచి నడుస్తున్న టీవీ పాటల పోటీ పేరు. ఆయన ‘వై’ పెట్టి, వెల్ష్ మాట్లాడే మధ్యతరగతిని కడిగేశాడు. మన ఏఱు (నది), ఏరు (నాగలి) బాపతే.

గోదారిగట్టు: మీకు ఎటు చూసినా ఱ కనబడుతుంది లెండి. అసలు విశేషం మొదటి అక్షరంలో ఉంది. ‘కమ్రి’ కాస్తా ముందు ‘ఈ’ (వెల్ష్‌లో మన ‘కు’ లాంటి మాట) తగిలేసరికి ‘గమ్రి’ అయింది. ఇది శుద్ధ గసడదవాదేశం.

చిన్నయ్యగారి మనవడు: గసడదవ అయితే ప వచ్చి వ కావాలి. వాళ్ళకి ప వచ్చి బ అవుతుంది. కనక సరళాదేశం.

గోదారిగట్టు: సరళాదేశానికి ముందు మాట చివర ద్రుతం, అంటే నకారం, కావాలి కదా, ‘ఈ’లో నకారం ఎక్కడుంది?

చిన్నయ్యగారి మనవడు: నకారం కావాలంటే ‘లో’ అనే అర్థమిచ్చే ‘అన్’ చూడండి. ‘వేల్స్‌లో’ అనడానికి ‘అఙ్ ఙమ్రి’ అంటారు. మన ద్రుతం కకారాన్ని గకారం చేసి ఊరుకుంటుంది, వాళ్ళది ఏకంగా ఙకారం దాకా లాగేస్తుంది.

శకటరేఫ: ‘ఈ’ దగ్గర జరిగింది వేరు. పూర్వం రెండచ్చుల మధ్య పడ్డ హల్లు మెత్తబడింది, అంతే. సూత్రం కోసం సూత్రం వద్దు.

మామిడితోరణం: ఇంత శ్లేష చూశాక సూరన గుర్తు రాలేదా ఎవరికీ? ‘రాఘవపాండవీయం’లో ఒకే పద్యం అటు రాముడి కథ, ఇటు పాండవుల కథ.

వేసవిగాలి: సూరన విరుపు చెవికి అందుతుంది, చదివేవాడు ఎక్కడ ఆపాడన్నదాన్ని బట్టి. ఇది అందదే! రేడియోలో పేరు చదివితే విన్నవాడు పోటీ పాటే అనుకుంటాడు.

గోదారిగట్టు: అనుకోవాలనే పెట్టాడేమో.

మామిడితోరణం: అదెలాగూ తేలదు గానీ, ద్వ్యర్థి అనగానే నేనూ సూరనతో ఆగిపోయాను. రామరాజభూషణుడి ‘హరిశ్చంద్రనలోపాఖ్యానం’ ఏం పాపం చేసింది?

చిన్నయ్యగారి మనవడు: దానికి వేరే దారం తెరవండి. ఇక్కడ ఇంకా ‘ఈ’ (ద్రుతం లేని) కళో, (ద్రుతం ఉన్న) ద్రుతప్రకృతికమో తేలలేదు.