ఘాట్ రోడ్డు డ్రైవర్లకు నిద్రజబ్బు జీన్ టెస్టు పెట్టాలా, వద్దా?

అలిపిరి_గేటు:
తిరుమల ఘాట్‌లో రాత్రిపూట టెంపోలు తోలే వాళ్లందరికీ డీక్యూబీ1*06:02 అనే జీన్ మార్కర్ పరీక్ష చేయించాలంటున్నా. నార్కొలెప్సీ, అంటే పగలే ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు, అందులో టైప్-1 ఉన్నోళ్లలో నూటికి 98 మందికి ఆ మార్కర్ ఉంటుంది. ఒకసారి రక్తమిస్తే మళ్లీ మారని రిపోర్టు. ఇంకేం కావాల?

చంద్రగిరి_రాత్రిబండి:
లెక్క తిరగేసి చూడు సామీ. ఏ జబ్బూ లేని జనంలోనే నూటికి 12 నుంచి 30 మందికి అది ఉండాది. జబ్బేమో స్థూలంగా రెండు వేలలో ఒకరికి. నూటికి 20 అనుకున్నా, రెండు వేల మందిలో 400 పాజిటివ్‌లు, జబ్బుమనిషి ఒక్కడు. మిగతా 399 మందిని బండి దింపేస్తావా?

అలిపిరి_గేటు:
పాజిటివ్ సంగతి కాదు నేను చెప్పేది. నెగెటివ్ వస్తే టైప్-1 దాదాపు లేనట్టే. నడుములో సూది గుచ్చి వెన్నునీరు తీసి, మనిషిని మేలుకొని ఉంచే హైపోక్రెటిన్ అనే మెదడు రసాయనం కొలిచే బాధ తప్పుతుంది గదా.

చంద్రగిరి_రాత్రిబండి:
డ్రైవర్లకు వెన్నునీరు తీయమని ఎవరన్నారు? ఈ జబ్బులోనే రెండో రకం, టైప్-2లో సగం మందికి ఆ మార్కరే ఉండదు. గురకపెడతా ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా దీనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, దానికీ ఈ జీన్‌కూ సంబంధమే లేదు. నెగెటివ్ కాగితం జేబులో పెట్టుకొని ఆప్నియా మనిషి స్టీరింగ్ మీదే తూగుతాడు.

ల్యాబ్_చిత్తూరు:
మధ్యలో ఒక మాట. రిపోర్టులో ఉత్త డీక్యూబీ1*06 అని ఆపేస్తే ఒప్పుకోవద్దండి. 06:01, 06:03 వేరే, అవి రిస్కు పెంచవు. నాలుగంకెల టైపింగ్ అడగండి. రక్తం ఈడీటీఏ ట్యూబులోనే తీయాలి. హెపారిన్ ట్యూబయితే పీసీఆర్, అంటే జీన్‌ను కాపీలు తీసే పని, చెడిపోతుంది.

బైరాగిపట్టెడ:
అయితే ఎంఎస్‌ఎల్‌టీ, అదే పగలు ఎంత తొందరగా నిద్రపడతాదో చూసే కునుకుల పరీక్ష, చేయించండి. ఇంత గొడవెందుకు?

చంద్రగిరి_రాత్రిబండి:
ఊరికే చేయిస్తే అదీ దారి తప్పిస్తుంది. ముందు ఒకట్రెండు వారాలు నిద్ర డైరీ రాయాల. డిప్రెషన్ మందులుంటే డాక్టరు చెప్పినట్టు రెండు వారాల ముందే ఆపాల, ఫ్లుఓక్సెటిన్‌కయితే ఇంకా ముందే. ముందురాత్రి ల్యాబ్‌లో కనీసం 6 గంటల నిద్ర. తెల్లారినాక రెండు గంటలకొకటిగా ఐదు కునుకులు, నిద్ర పట్టడానికి ఒక్కోదానికి 20 నిమిషాల గడువు. సగటున 8 నిమిషాల్లోపే నిద్రపట్టి, రెండు కునుకుల్లోనన్నా 15 నిమిషాల్లోపే రెమ్ (కలలొచ్చే నిద్ర) వస్తే పాజిటివ్. వారమంతా రాత్రి డ్యూటీలు చేసినోడికి జబ్బు లేకున్నా ఈ రెండూ రావచ్చు.

అలిపిరి_గేటు:
ఇప్పుడు బయటపడింది. తప్పంతా డ్యూటీలదే అంటావు, అంతేగదా?

చంద్రగిరి_రాత్రిబండి:
అంతే! రాత్రంతా చెన్నై నుంచి తోలుకొచ్చినోణ్ని తెల్లారకముందే కొండెక్కించి, వాని జీన్‌లో తప్పు వెతికేదేంది? ఆ రిపోర్టు పోయేది యాడికి? ఓనరు చేతికే. పీకేయడానికి సాకు.

అలిపిరి_గేటు:
వెనక సీట్లో పిల్లల్ని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నోళ్ల తరఫున నేను మాట్లాడతాండా. నువ్వు స్టీరింగ్ తరఫున మాట్లాడు, పో.

ల్యాబ్_చిత్తూరు:
ఇద్దరూ ఆగండి. ముందు ఎప్‌వర్త్ ఫారం, అంటే పగటి మగతకు మార్కులేసే ప్రశ్నల కాగితం, ఇవ్వండి. మార్కులు 10 దాటితే గురక సంగతి, నవ్వినప్పుడు మోకాళ్లు జారిపోతాయా (అది టైప్-1 గుర్తు) అన్న సంగతి అడగండి. జీన్ టెస్టు ఆ తర్వాత, అదీ అనుమానం ఉన్నోళ్లకే.

అలిపిరి_గేటు:
ఉద్యోగం పోతుందంటే ఫారంలో నిజం ఎవడు రాస్తాడండీ?

ల్యాబ్_చిత్తూరు:
అందుకే ఎండబ్ల్యూటీ ఉంది. మసక వెలుతురు గదిలో కూర్చోబెట్టి 40 నిమిషాలు మేలుకోమంటారు, అట్లా నాలుగుసార్లు. డ్రైవరు విషయంలో తేలాల్సింది మెలకువే గదా.

చంద్రగిరి_రాత్రిబండి:
దానికీ ముందురాత్రి నిండా నిద్రపోవాల. ఆ రాత్రికీ మర్నాటికీ జీతంతో సెలవు ఓనరు ఇస్తాడా, అది చెప్పండి ముందు.