ఏజెన్సీ కాపీలో వచ్చే పేర్లు తెలుగులో ఎలా రాస్తున్నారు?

కొత్త_సబ్
పేపర్ డెస్కులో ఈమధ్యే చేరాను. వార్తా ఏజెన్సీ కాపీ ఇంగ్లిష్‌లో వస్తుంది, పేరు ఎలా పలకాలో అందులో ఉండదు. 'డి' కనిపిస్తే ద రాయాలా, డ రాయాలా, ధ రాయాలా? రెండోది, బ్యాంక్, మ్యాచ్‌లకి 'యా' పెడుతున్నాం కదా, జాకెట్‌కి ఎందుకు పెట్టం? మూడోది, ఏ మాట ఎలా రాయాలో చెప్పే స్టైల్ బుక్ మీ ఆఫీసుల్లో ఉందా?

పాత_ప్రూఫు
ముందు మోదీ సంగతి తేల్చండి. గుజరాతీలో అది ద. ఇన్నేళ్ల తర్వాత కూడా మోడీ అని రాసేవాళ్లున్నారు. ఛత్తీస్‌ఘడ్ అని రాసేదీ వాళ్లే. గఢ్ అండీ, గఢ్! ఒత్తు గకి కాదు, డకి.

ఓరుగల్లు_అన్న
మా దగ్గర ఎవరిని అడిగినా మోడీ అనే అంటారు. పేపర్ రాసేది మన జనం కోసమా, గుజరాతీల కోసమా? ఫ్రెంచివాళ్లు 'పారి' అంటారని రేపట్నుంచి పారిస్‌ని పారి అని రాస్తారా?

పాత_ప్రూఫు
జనానికి మోడీ నేర్పిందెవరు? మన పేపర్లే. తప్పు అచ్చేసి, తర్వాత 'జనం అలాగే అంటున్నారు' అనడం బాగుంది. పారిస్ సంగతి వేరు, అది ఊరు. ఇది మనిషి పేరు. మీ పేరు తప్పు రాస్తే ఊరుకుంటారా?

ఓరుగల్లు_అన్న
నా పేరు ఓటరు కార్డులోనే తప్పు పడింది. ఊరుకోక ఏం చేస్తాం?

గోదారోడు
ఢిల్లీ వాళ్ల పేర్లకే ఇంత రభసా? మా నిడదవోలుని ఒక చానెల్ స్క్రోలింగ్‌లో 'నిదడవోలు' చేసింది. అచ్చ తెలుగు ఊరు, ఇంగ్లిష్‌లోకి వెళ్లి తిరిగొచ్చేసరికి ఇలా అయింది. ఇంగ్లిష్ ప్రెస్‌నోట్‌ని మెషీన్ ట్రాన్స్‌లేషన్‌లో వేసి, వచ్చింది వచ్చినట్టు అతికించేస్తున్నారు. కదిరి కడిరి అవుతుంది, గూడూరు గుదూర్ అవుతుంది. ఆ ఊరి విలేకరికి ఒక్క ఫోన్ చేయడానికి ఏం రోగం?

మైకు_మాస్టారు
రేడియోలో వార్తలు చదివినవాణ్ని, నా మాట వినండి. మేం పేరు తెలియకపోతే ఆ భాష వచ్చినవాణ్ని పట్టుకుని పలికించుకునేవాళ్లం. 2014 సెప్టెంబరులో షీ జిన్‌పింగ్ భారత్ వచ్చినప్పుడు దూరదర్శన్‌లో ఒక న్యూస్ రీడర్ 'ఎలెవెన్ జిన్‌పింగ్' అని చదివి ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ని ('ఎక్స్ ఐ') రోమన్ అంకె పదకొండు అనుకున్నారు. తెలుగులో ఆ బాధ లేదు. రాసింది సరిగ్గా ఉంటే చదివేదీ సరిగ్గానే ఉంటుంది. కాబట్టి తప్పు ఎప్పుడూ డెస్కుదే.

నైట్_షిఫ్ట్
ఎప్పుడూ డెస్కుదేనా? మాస్టారూ, మీ రోజుల్లో బులెటిన్‌కి బులెటిన్‌కి మధ్య టీ తాగే టైం ఉండేది. ఇక్కడ రాత్రి పూట ఒక్కడే రెండు పేజీలు పెట్టాలి. మీరొచ్చి ఒక్క వారం కూర్చోండి, తర్వాత మాట్లాడదాం.

మైకు_మాస్టారు
కూర్చుంటాను. జీతం ఎంతిస్తారు?

చెన్నై_తెలుగు
అసలైన ఘోరం కేరళలోని కోజికోడ్. ఆ పేరులోని మలయాళ ధ్వనికి ఇంగ్లిష్‌లో సరైన అక్షరం లేక 'జెడ్ హెచ్' పెట్టుకున్నారు, మనం దాన్ని చూసి జ చేశాం. తమిళ నేతలు కనిమొళికి, అళగిరికి చక్కగా ళ రాస్తాం కదా, అదే ధ్వని. కోళిక్కోడ్ అని రాస్తే ఏం పోతుంది?

పాత_ప్రూఫు
మన పాత శాసనాల్లో ఆ ధ్వనికి ఴ అనే అక్షరం ఉంది. చోళ, చోడ రెండూ దాన్నుంచే వచ్చాయి. కంప్యూటర్ అక్షరాల పట్టిక యూనికోడ్‌లోకి 2014లో ఎక్కింది. ౘ, ౙ అయితే 2008లోనే ఎక్కాయి. వాడితే జాతి జకీ, జడ జకీ తేడా చూపించొచ్చు.

గోదారోడు
నా ఫోన్‌లో మీ అక్షరాలన్నీ డబ్బాల్లా కనిపిస్తున్నాయి. పాఠకుడికీ డబ్బాలే పంచుతారా?

ఓరుగల్లు_అన్న
ముందు మోడీ అని రాయనివ్వండి, శాసనాల సంగతి తర్వాత.

మోడరేటర్
మోదీ, మోడీ గొడవ ఇక్కడితో ఆపండి. ఇంకో పోస్టు పడితే తాళం వేసేస్తాను.

నైట్_షిఫ్ట్
చిత్తం, మోదరేటర్ గారూ.

కొత్త_సబ్
జాకెట్ గురించి ఒక్కరూ చెప్పలేదు. సరే, ఇప్పుడు వియత్నాం వార్త వచ్చింది, ఇంటిపేరు 'ఎన్ జి యు వై ఇ ఎన్'. న్గుయెన్ అని రాస్తే నాకే నోరు తిరగట్లేదు. పేజీ పన్నెండింటికి వెళ్లాలి.

చెన్నై_తెలుగు
ఆ మొదటి ధ్వని మన ఙ. ఙుయెన్ అని రాయండి. వర్ణమాలలో ఊరికే కూర్చున్న అక్షరానికి ఇన్నాళ్లకు పని దొరికింది.

పాత_ప్రూఫు
ఙతో మొదలైన మాట తెలుగు పేపర్లో ఎవరైనా చూశారా? ప్రూఫులో నేనైతే కొట్టేస్తాను.

కొత్త_సబ్
ఙ కీబోర్డులో దొరకలేదు. హెడ్డింగులో 'వియత్నాం నేత' అని పెట్టి పంపేశాను.