ఐస్ గోలాకి ఏ మిషన్ తీసుకోవాలి? సిరప్‌లు కొనాలా, ఇంట్లో చేసుకోవాలా?

పటమట కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమట. మా నాన్నగారి కిరాణా కొట్టు ముందు ఎనిమిదడుగుల అరుగు ఖాళీగా ఉంది. వచ్చే మార్చి నుంచి అక్కడ ఐస్ గోలా పెడదామని నేనూ మా చెల్లీ అనుకుంటున్నాం. పక్క సందులో రెండు ట్యూషన్ సెంటర్లున్నాయి, ఎదురుగా గుడి, సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదింటి దాకా జనం తిరుగుతూనే ఉంటారు. చేతిలో ఉన్నది 60 వేలు, అందులో పదివేలు మాత్రం ముట్టుకోవద్దని అమ్మ గట్టిగా చెప్పింది.

మిషన్ దగ్గరే ఆగిపోయాను. వన్‌టౌన్‌లో రెండు షాపులు తిరిగాను. ఒకచోట చేత్తో తిప్పే పోత ఇనుము మిషన్ 7 వేలు, పక్క షాపులో కరెంటుది 18 వేలు చెప్పారు. అక్కడే 4 వేలకి ఇంకోటి చూపించారు, ఫ్రిజ్‌లో చేసుకున్న ఐస్ ముక్కలు వేస్తే పొడి చేసేస్తుందట, ఐస్ ప్లాంటు చుట్టూ తిరిగే పని ఉండదట. డబ్బు మిగులుతుంది కదా అని నాకు దీని మీదే మనసు పోతోంది, ఇంకో 20 వేలు పెట్టి డీప్ ఫ్రీజర్ కొంటే ఐస్ కూడా మనమే చేసుకోవచ్చు.

ఇక సిరప్‌లు. 24 రకాల ఎసెన్సులు ఒక సెట్టుగా అమ్ముతున్నారు. రంగురంగుల సీసాలు వరసగా పెడితే పిల్లలు తప్పకుండా ఆగుతారని నా ఆలోచన. చెల్లి మాత్రం ఐదు రకాలు చాలు, పండుతో మనమే చేద్దాం అంటోంది. రెండు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

బ్రాడీపేట గోలా:

తమ్ముడూ, గుంటూరులో ఐదు వేసవులుగా గోలా అమ్ముతున్నాను. ఆ 4 వేల మిషన్ జోలికి మాత్రం వెళ్ళకు, అది ఐస్‌ని చెక్కదు, పగలగొడుతుంది. రెండింటికీ తేడా ఏంటో ఇంట్లోనే చూసుకోవచ్చు. కాసిని ఐస్ ముక్కలు మిక్సీలో వేసి పొడి చేసి, గ్లాసులో పోసి, పైన కొంచెం గులాబీ సిరప్ వెయ్యి. సిరప్ సందుల్లోంచి జారి గ్లాసు అడుక్కి పోతుంది, పైన తెల్లటి పలుకులు మిగులుతాయి. తినేవాడికి మొదట్లో చప్పటి ఐస్, చివర్లో చక్కెర నీళ్ళు. అదే బ్లేడు మీద పొరలు పొరలుగా చెక్కిన ఐస్ అయితే దూదిలా సిరప్‌ని పట్టుకుని ఉంటుంది, చివరి చెంచా దాకా రుచి ఒకేలా వస్తుంది. జనం రెండోసారి వచ్చేది దీనికోసమే, ఎన్ని రంగులు పెట్టావని ఎవరూ లెక్కపెట్టరు.

చెయ్యి మిషనా కరెంటుదా అంటే, రోజుకి 60, 70 గోలాల వరకూ చెయ్యి మిషన్ సరిపోతుంది, కరెంటు పోయినా పని ఆగదు. అంతకు మించితే ఆదివారం సాయంత్రాలు భుజం లాగేస్తుంది. మీరు ఇద్దరున్నారు కాబట్టి చెయ్యి మిషన్‌తో మొదలుపెట్టండి, ఏప్రిల్ చివరికి చూసుకుని కరెంటుది తీసుకోండి. అప్పుడు మొదటిది స్పేర్‌గా ఉంటుంది. మే నెల ఆదివారం ఏడింటికి మోటారు ఆగిపోతే రిపేరువాడు దొరకడు.

ఏది కొన్నా షాపులోనే బ్లేడు విప్పించి చూడు. నేను మొదటి ఏడాది ఒక డీలర్ దగ్గర ‘అంతా స్టీలే’ అన్న మాట నమ్మి కరెంటు మిషన్ తీసుకున్నాను. రెండో నెలకి బ్లేడు బిగించే స్క్రూల చుట్టూ తుప్పు తేలింది. ఓ చిన్న పాప గోలాలో గోధుమ రంగు చార వచ్చింది, వాళ్ళమ్మ ఏమీ అనకుండా కప్పు నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు మిగిలిన ఐస్ అంతా పారబోసి బండి మూసేశాను. డీలరేమో నీళ్ళు తగిలితే ఎవరేం చేస్తారన్నాడు. ఐస్ మిషన్‌కి నీళ్ళు తగలకుండా ఎలా ఉంటాయి? అందుకే బ్లేడు తుప్పు పట్టని స్టీలేనని, ఐస్ తగిలే మిగతా ప్రతి భాగం 304 గ్రేడు స్టీలేనని బిల్లు మీద రాయించుకో. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందంటారు, అది నమ్మకు, 202 గ్రేడుకి కూడా అయస్కాంతం సరిగా అంటదు, కానీ అది తొందరగా తుప్పు పడుతుంది. పోత ఇనుము మిషన్‌లో కూడా బ్లేడూ, ఐస్ కూర్చునే పళ్ళెమూ స్టీలువే అడుగు. రెండు బ్లేడులు అదనంగా కొనుక్కో. రాత్రి కడిగాక పొడి గుడ్డతో తుడిచి విప్పి పెట్టాలి, ఇది ఒక్కరోజు కూడా మానకూడదు.

ఇంకో మాట. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన గడ్డ పొగలు కక్కుతూ ఉంటుంది, వేలు పెడితే అతుక్కుంటుంది. దాన్ని వెంటనే చెక్కితే రాళ్ళ ఉప్పులా గరగరమంటూ రాలుతుంది. పది పదిహేను నిమిషాలు బయట పెట్టు. పైన చెమట పట్టి గడ్డ అద్దంలా మెరుస్తుంది, అప్పుడు తిప్పితే లేత కొబ్బరి తురుములా వస్తుంది. కొత్తవాళ్ళు చాలామంది మిషన్‌ని తిట్టుకునేది ఇక్కడే, తప్పు మిషన్‌ది కాదు.

ఫ్రీజర్ మెకానిక్:

బ్రాడీపేట అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను ఆటోనగర్ వైపు ఫ్రీజర్లు రిపేరు చేస్తాను, ఐస్ ప్లాంటులో కూడా పనిచేశాను. డీప్ ఫ్రీజర్ అనేది గడ్డకట్టినదాన్ని అలాగే ఉంచడానికి, రోజూ పాతిక కిలోల నీళ్ళు గడ్డకట్టించడానికి కాదు. 30 డిగ్రీల నీళ్ళని సున్నాకి దించడానికి ఎంత వేడి లాగాలో, సున్నా దగ్గరున్న ఆ నీళ్ళని గడ్డ చేయడానికి అంతకు రెండున్నర రెట్లు పైనే లాగాలి. చిన్న ఫ్రీజర్ మీద ఆ పని రోజూ పెడితే మే నెల ఎండలో కంప్రెసర్ రాత్రీపగలూ ఆగకుండా తిరుగుతుంది, అయినా మధ్యలో గడ్డకట్టని నీళ్ళు ఉంటాయి. నా దగ్గరికి అలా వచ్చిన కంప్రెసర్లు చాలా చూశాను.

ప్లాంటు నుంచే తెచ్చుకోండి, కానీ ఏ ఐస్ తెస్తున్నారో అడగండి. ఇదే అసలు విషయం. చేపలకీ, రొయ్యలకీ వాడే ఐస్ తాగే నీళ్ళతోనే చేస్తారన్న నమ్మకం లేదు. అందుకే తినకూడని ఐస్‌కి లేత నీలం రంగు కలపాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో చెప్పింది. రంగు లేదు కాబట్టి తినొచ్చు అనుకోవద్దు, రంగు కలపనివాళ్ళూ ఉంటారు. ప్లాంటు లోపలికి వెళ్ళి నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో, శుద్ధి చేసే ఫిల్టర్ ఉందో లేదో, డబ్బాలు తుప్పు పట్టాయో చూడండి. ఐస్ డబ్బాలు దించే తొట్టెలో ఉండేది ఉప్పునీరు. డబ్బాకి చిల్లుంటే అది లోపలికి వస్తుంది, అలాంటి గడ్డ నాలుక మీద పెడితే తెలిసిపోతుంది. తెచ్చేటప్పుడు గోనెసంచీ, ఊక, రంపపు పొట్టు ఏవీ వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ షీటులో చుట్టి మూత ఉన్న ఐస్ పెట్టెలో తెచ్చుకోండి.

ఒక గోలాకి 200 గ్రాములు వేసుకుంటే వందకి 20 కిలోలు, కరిగేది, విరిగేది కలిపి 30 కిలోలు తెచ్చుకోవాలి. దానికి మంచి ఐస్ పెట్టె చాలు, 20 వేల ఫ్రీజర్ ఈ ఏడాది వద్దు. కరెంటు మిషన్ పెట్టినప్పుడు మాత్రం ఎర్తింగ్ సరిగా ఉన్న ప్లగ్గు వేయించండి, తడి చేతులతో చేసే పని.

సత్యనారాయణపురం అక్క:

మీ చెల్లి మాట విను నాయనా. నేను సిరప్‌లు చేసి రెండు జ్యూస్ షాపులకి ఇస్తాను, కాబట్టి ఆ సంగతి చెప్తాను.

పాకం చాలా సులువు. లీటరు నీళ్ళకి కిలోన్నర పంచదార వేసి కరిగేదాకా మాత్రమే మరిగించు, తీగపాకం రానివ్వకు, వస్తే చల్లటి ఐస్ మీద పడగానే గడ్డకడుతుంది. దించే ముందు నిమ్మ ఉప్పు కొంచెం వెయ్యి, పాకం పలుకులు కట్టకుండా ఉంటుంది. ఈ కొలతకి దాదాపు 1.9 లీటర్లు వస్తుంది. పంచదార కిలో 45 అనుకున్నా లీటరు పాకానికి 35 రూపాయలు, గోలాకి 60 మిల్లీలీటర్లు పోసినా రెండు రూపాయల పైచిలుకే. ఇంత చవగ్గా వచ్చేదాంట్లో కూడా సాక్రిన్ కలిపేవాళ్ళు ఉన్నారు, నోట్లో చేదు మిగిలేది దానివల్లే. ఆ పని చేయకండి.

మామిడికి మనకంటే అదృష్టవంతులు ఎవరూ లేరు. నున్న మార్కెట్ ఊరి పక్కనే ఉంది, నూజివీడు రసాలు దొరికే రోజుల్లో గుజ్జు తీసి చల్లారిన పాకంలో కలిపితే ఏ ఎసెన్సూ దానికి సాటిరాదు. గుజ్జు ఉన్న సిరప్ పులుస్తుంది కాబట్టి రెండు రోజులకి సరిపడా మాత్రమే చేసి ఫ్రిజ్‌లో పెట్టు. నిమ్మ, సుగంధి ఏడాదంతా చేసుకోవచ్చు. సుగంధి వేళ్ళు కచ్చాపచ్చాగా దంచి రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళతోనే పాకం పట్టు, నిమ్మరసం మాత్రం అమ్మేటప్పుడే పిండు. పెద్దవాళ్ళు ఆగేది సుగంధికే.

కాలాఖట్టాకి నేరేడు కావాలి, కానీ నేరేడుపళ్ళు వచ్చేసరికి గోలా సీజన్ అయిపోవస్తుంది. నేను జూన్‌లో గుజ్జు తీసి ఫ్రీజర్‌లో దాచి మరుసటి వేసవికి వాడతాను. మొదటి ఏడాది నీకు ఆ వీలు లేదు కాబట్టి ఆ ఒక్కటీ కొనుక్కో. కొనేటప్పుడు సీసా మీద ‘క్రష్’ అని ఉందా, ‘సింథటిక్ సిరప్’ అని ఉందా చదువు. క్రష్‌లో కనీసం నాలుగోవంతు పండు ఉండాలి, రెండోదాంట్లో పండు అసలు ఉండక్కర్లేదు.

నిల్వకి మందు వేయాల్సి వస్తే ఒక్కటి గుర్తుపెట్టుకో. కేఎంఎస్ (పొటాషియం మెటాబైసల్ఫైట్) మామిడికీ, నిమ్మకీ బాగుంటుంది, నేరేడు, ద్రాక్ష, దానిమ్మకి వేస్తే రంగు వెలిసిపోతుంది. వాటికి సోడియం బెంజోయేట్ వాడాలి. ఏదైనా కిలో సిరప్‌కి అర గ్రాము దాటించకు, చెంచాతో కాదు, నగల షాపులో వాడేలాంటి చిన్న కాటాతో తూచు. కేఎంఎస్ పాకం చల్లారాకే వెయ్యి, వేడిలో వేస్తే ఎగిరిపోతుంది.

ఆ 24 ఎసెన్సుల సెట్టు గురించి. లేబుల్, లైసెన్స్ నంబరు లేని రంగు ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోకండి. 2024లో తమిళనాడులో పీచుమిఠాయి ఆపేసింది రొడమైన్-బి అనే రంగు దొరికినందుకే, అది బట్టలకి వేసే రంగు. మన దగ్గరికి వచ్చేది పిల్లలు. మీ ఇంటి పిల్లలకి పెట్టలేనిది ఎవరి పిల్లలకీ పెట్టొద్దు.

పటమట కుర్రాడు:

అక్కా, అన్నలూ, చాలా థాంక్స్. మీరు రాసింది అమ్మకీ చెల్లికీ చదివి వినిపించాను, 24 సీసాల ఆలోచన వదిలేశాను. నిమ్మ, సుగంధి, గులాబీ, మామిడి మేమే చేస్తాం, కాలాఖట్టా కొంటాం. చెయ్యి మిషన్, రెండు బ్లేడులు, ఐస్ పెట్టె, స్టీలు డబ్బాలు అన్నీ కలిపినా పాతిక వేల లోపే అవుతోంది. రెండు ప్రశ్నలు. నాన్నగారి కొట్టుకి ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉంది, మళ్ళీ వేరే తీసుకోవాలా? కప్పులు ఏవి వాడాలి?

బ్రాడీపేట గోలా:

ఉన్నదాంట్లోనే గోలా తయారీ కూడా చేర్పించమని అడుగు, ఆన్‌లైన్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ పోర్టల్‌లోనే చేసుకోవచ్చు. ప్లాస్టిక్ కప్పులు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై నుంచి నిషేధం, కాబట్టి కాగితం కప్పులు, చెక్క చెంచాలు తీసుకో. కప్పు కొంచెం మందంగా ఉండేది చూడు, పల్చటిది సగం తినేసరికి అడుగు మెత్తబడి కారుతుంది.

మార్చిలో బోర్డు పెట్టకముందే ఫిబ్రవరిలో ఒక ఆదివారం కొంచెం ఐస్ తెచ్చి ఇంట్లోవాళ్ళకీ, పక్కింటివాళ్ళకీ ఓ ముప్పై గోలాలు చేసి పెట్టు. బ్లేడు ఎంత పైకి లేపితే పొర ఎంత మందంగా వస్తుందో చేతికి అలవాటు కావాలి. రోహిణి కార్తెలో కప్పు పట్టుకుని పదిమంది నిలబడ్డప్పుడు స్క్రూ తిప్పుతూ నేర్చుకోవడం కుదరదు. అలాగే పక్కనే ఒక బకెట్, మిషన్ కింద పైపు ఉన్న ట్రే పెట్టు. కరిగిన తీపి నీళ్ళు అరుగు మీద పారితే గంటలో ఈగలు, చీమలు చేరతాయి, గుడికి వెళ్ళేవాళ్ళ కాళ్ళకీ అంటుకుంటుంది.

ఫ్రీజర్ మెకానిక్:

ప్లాంటుకి వెళ్ళేటప్పుడు పొద్దున్నే వెళ్ళు తమ్ముడూ, ఐదారింటికి డబ్బాలు పైకి తీస్తారు, గడ్డ ఎలా ఉందో కళ్ళతో చూడొచ్చు. మధ్యలో తెల్లగా ఉండటం తప్పు కాదు, అది చిక్కుకున్న గాలి. పసుపుగా కానీ, అడుగున మడ్డిలా కానీ కనిపిస్తే మాత్రం తీసుకోకు. ముందు చెప్తే గడ్డని కావలసినంత కోసి ఇస్తారు.