సీరియల్లో ముఖ్యపాత్రను చంపితే పాఠకులు ఎప్పుడు ఏడుస్తారు, ఎప్పుడు తిట్టిపోస్తారు?

కొసమెరుపు (ప్రశ్న):
యాప్‌లో వారానికి రెండు భాగాల చొప్పున నడుస్తున్న కుటుంబ సీరియల్ గురించి అడుగుతున్నానండి. కథానాయిక అన్నయ్య మొదటి భాగం నుంచీ ఉన్నాడు, కామెంట్లలో ఎక్కువ అభిమానం అతనికే. కథ ప్రకారం అతను చనిపోక తప్పదు. డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ పాత్రని చంపినందుకు రచయిత కానన్ డాయిల్ మీద లండన్ అంతా విరుచుకుపడిందని చదివాక చేయి ఆడడం లేదు. కొన్ని పాత్రలు పోతే పాఠకులు తమ ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడి, మళ్ళీ కథలోకే వస్తారు. కొన్ని పాత్రలు పోతే రచయితని దులిపేసి చదవడం మానేస్తారు. తేడా ఎక్కడుంది? చావు భాగం ముందూ వెనకా ఏం చూసుకోవాలి?

బేకర్‌వీధి:
ముందు హోమ్స్ సంగతి. ఇందులో నిజం కొంత, ఊహ కొంత ఉంది. లండన్ కుర్రాళ్ళు చేతికి నల్ల పట్టీలు కట్టుకుని తిరిగారన్న కథకు ఆ రోజుల పత్రికల్లో ఆధారం దొరకలేదు, తర్వాత వచ్చిన జీవితచరిత్రల వల్ల పాకింది. హోమ్స్ కథలు వేసే స్ట్రాండ్ పత్రికకు 20,000 మంది చందా మానేశారన్నది అందరూ చెప్పే లెక్క. ఒకావిడ డాయిల్‌ని పశువా అని తిడుతూ ఉత్తరం రాయడం మాత్రం నిజమే, ఆ సంగతి ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

ఇక ఆ కోపం ఎందుకంటే, హోమ్స్ చావు కథ వచ్చిన 1893 డిసెంబరు సంచిక తిప్పి చూడండి. మోరియార్టీ అనే ప్రొఫెసర్ పేరు పాఠకులు వినడం ఆ కథలోనే మొదటిసారి. అప్పటికి రెండున్నరేళ్ళుగా స్ట్రాండ్‌లో హోమ్స్ కథలు వస్తున్నాయి, ఒక్కదాంట్లోనూ ఆ పేరు లేదు. ఇరవై పైచిలుకు కథల్లో చెక్కుచెదరని మనిషిని ఆ నెలే పుట్టిన విలన్ తీసుకుపోయాడు. డాయిల్ హోమ్స్‌తో విసిగిపోయి చాలాకాలమైంది. 1891 నవంబరులోనే, వాణ్ణి చంపేద్దామనుకుంటున్నానని తల్లికి ఉత్తరం రాస్తే ఆవిడ ససేమిరా అంది. ఆ విసుగు కథలో కనపడిపోయింది, అంతే. తన పాత్రతో తగువు పడ్డ రచయితను పాఠకుడు ఇట్టే పసిగడతాడు.

రెండో తప్పు ఇంకా పెద్దది. చావుని ఎవరూ చూడలేదు. ఎవరో ఇంగ్లీషు ఆవిడ క్షయతో చివరి ఘడియల్లో ఉందని దొంగ ఉత్తరం వస్తే హోమ్స్ స్నేహితుడు వాట్సన్ హోటల్‌కి తిరిగి వెళ్తాడు. మోసమని తెలిసి పరుగున వచ్చేసరికి స్విట్జర్లాండ్‌లోని రైకెన్‌బాక్ జలపాతం దగ్గర మిగిలినవి రాతికి ఆనించిన చేతికర్ర, అంచు దాకా వెళ్ళి వెనక్కి రాని అడుగులు, వెండి సిగరెట్ కేసు కింద పెట్టిన ఉత్తరం. శవం లేదు. సన్నివేశంగా చూస్తే అద్భుతం. కానీ శవం లేని చావుని ఏ పాఠకుడూ ఒప్పుకోడు, ఒప్పుకోకపోతే ఏడవలేడు. చివరికి పాఠకుల మాటే నెగ్గింది. 1901లో మొదలైన వేటకుక్క నవల (‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’) హోమ్స్ చావుకి ముందు జరిగినట్టు రాశాడు. 1903లో హోమ్స్ అసలు లోయలో పడనే లేదని తేల్చి బతికించాడు. కార్న్‌వాల్ పడవవాడొకడు, హోమ్స్ కొండ మీంచి పడి చావలేదేమో గానీ ఆ తర్వాత మునుపటి మనిషి కాలేదండీ అన్నాడట. ఇదీ డాయిల్ స్వయంగా రాసుకున్నదే.

మాంగామామ:
దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ జపాన్‌లో ఉంది. 1968 నుంచి 1973 దాకా వారపత్రికలో వచ్చిన ‘అషితా నో జో’ అనే బాక్సింగ్ మాంగాలో (జపాన్ బొమ్మల కథ) కథానాయకుడు జోకి ప్రత్యర్థి అయిన రికిఇషి చనిపోతాడు. 1970 మార్చి 24న పత్రిక ప్రచురణకర్తలైన కోడన్‌షా భవనంలో అతనికి నిజంగానే అంత్యక్రియలు జరిపారు, పురోహితుడి మంత్రాలతో సహా. సుమారు 700 మంది వచ్చారు. ఏర్పాటు చేసింది కవి, నాటకకర్త తెరయామా షూజి. కాగితం మీది మనిషికి!

అది ఎలా కుదిరిందో చూడండి. రికిఇషిని చిత్రకారుడు మొదట్లో జో కంటే బాగా పొడుగ్గా, భారీగా గీసేశాడు. బాక్సింగ్‌లో బరువు తరగతి ఒకటే కాకపోతే ఇద్దరూ తలపడటం కుదరదు. కాబట్టి జోతో పోరాడాలంటే రికిఇషి దిగి రావాలి, అంటే తిండీ నీళ్ళూ మానాలి. బొమ్మలో దొర్లిన పొరపాటు కథకి ప్రాణం పోసింది. అతను ఎండిపోవడాన్ని వారాల తరబడి చూపించారు. దాహానికి తట్టుకోలేక కుళాయిల దగ్గరికి పరుగెత్తితే అవన్నీ తీగలతో బిగించి ఉంటాయి. యోకో అనే అమ్మాయి జాలిపడి కప్పుడు వేడినీళ్ళు ఇస్తే, కృతజ్ఞత చెప్పి నేల మీద ఒంపేస్తాడు. అక్కడే పాఠకుడికి అర్థమైపోతుంది, వీడు ఇక వెనక్కి తగ్గడని. పోటీ గెలిచి, జోకి చెయ్యి అందించబోతూ కూలిపోతాడు.

చావుకి కారణం బయటినుంచి ఊడిపడలేదు. ఆ మనిషి స్వభావంలోంచే వచ్చింది. ఆ తర్వాత కథ దాన్ని మరిచిపోలేదు కూడా. జో చాలాకాలం ఎదుటివాడి ముఖం మీద కొట్టలేకపోతాడు, కొడితే వాంతి అవుతుంది. బాక్సర్‌కి అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది?

పాతవారపత్రిక:
పై ఇద్దరూ చెప్పింది మన ద్రోణపర్వంలో ఎప్పుడో ఉంది. పద్మవ్యూహంలోకి వెళ్ళడం వచ్చు, బయటికి రావడం రాదని అభిమన్యుడు ధర్మరాజుతో ముందే చెప్తాడు. అర్జునుణ్ణి సంశప్తకులు (చావో రేవో అని ప్రతిజ్ఞ పట్టిన కౌరవపక్ష యోధులు) దూరంగా లాగేశారని ముందే తెలుసు. వెనకాల వచ్చేవాళ్ళను సైంధవుడు ఆపేస్తాడు. అన్ని తలుపులూ ఒక్కొక్కటే మూసుకోవడం మన కళ్ళముందే జరుగుతుంది. అసలు ఏడిపించేది మాత్రం చావు తర్వాతి ఘట్టం: శిబిరంలో మంగళవాద్యాలు లేవు, యోధులు తలవంచుకుని ఉన్నారు, రోజూ నవ్వుతూ ఎదురొచ్చే కొడుకు రాలేదు. అర్జునుడికి ఎవరూ చెప్పకముందే తెలిసిపోతుంది.

కొసమెరుపు గారూ, ఇక పని విషయం.

కారణాన్ని ముందు కనీసం మూడు చోట్ల కనపడనివ్వండి, మూడూ దూరదూరంగా. అన్నయ్య గుండెజబ్బుతో పోవాలంటే మొదటిది ఎవరూ పట్టించుకోనంత మామూలుగా ఉండాలి, మెట్లెక్కి వచ్చి మాట పూర్తిచెయ్యకుండా కూర్చోవడం లాంటిది. రెండోది ఇంట్లో ఒక్కరికే తెలియాలి. మూడోది అతనికి తెలిసీ దాచాలి. చావు ముందు భాగంలో హడావిడిగా ఇరికిస్తే మోరియార్టీ కథే అవుతుంది.

చావు దగ్గరపడుతుంటే పాత్రను ఉన్నట్టుండి దేవుణ్ణి చెయ్యకండి. అందరికీ అప్పులు తీర్చడం, చెల్లెలికి పెళ్ళి కుదర్చడం, పాత శత్రువుని క్షమించడం, ఇవన్నీ రెండు భాగాల్లో జరిగితే కామెంట్లలో ‘వికెట్ పడబోతోంది’ అని రాసేస్తారు. మన పాఠకులు ఎన్ని సీరియళ్ళు చూసినవాళ్ళు! అతని చిరాకులు, పిసినారితనం చివరిదాకా ఉండనివ్వండి. లోపాలున్న మనిషే గుర్తుంటాడు.

చావు తర్వాతి మూడు భాగాలు రాసి చేతిలో పెట్టుకున్నాకే చావు భాగం పోస్ట్ చెయ్యండి. ఆలస్యమైతే ఆ ఖాళీలో దుఃఖం కోపంగా మారుతుంది. తర్వాతి భాగం ఫ్లాష్‌బ్యాక్‌తో నింపకండి, అది పాఠకుడే చేసుకుంటాడు. అతను లేక ఆగిపోయిన పని ఒకటి చూపించండి. కరెంటు బిల్లు ఎవరూ కట్టలేదు, చాలు.

పసిపిల్లల చావు, ఆత్మహత్య లాంటివైతే భాగం పైన ఒక్క వాక్యం హెచ్చరిక పెట్టండి. ఎవరు పోతారో చెప్పక్కర్లేదు.

కొసమెరుపు:
చాలా థాంక్సండి. ఒకటే అనుమానం. ప్రమాదంలో శవం దొరకలేదని రాస్తే, తర్వాత అవసరమైతే వెనక్కి తెచ్చుకోవచ్చు కదా? పైగా ఇప్పటికే ‘అన్నయ్యకి ఏమైనా అయితే చదవం’ అని కొందరు అంటున్నారు.

బేకర్‌వీధి:
తెచ్చుకునే ఉద్దేశం ముందే ఉంటే రాయండి, అది వేరే కథ. తేల్చుకోలేక తలుపు సగం తెరిచిపెడితే మాత్రం పాఠకులు ఆ సందులోంచే చూస్తూ కూర్చుంటారు, మిగతా కథ ఎవరికీ పట్టదు. ఒకసారి వెనక్కి తెచ్చాక ఆ సీరియల్లో మళ్ళీ ఏ చావునీ నమ్మరు.

బెదిరింపుల మాటకొస్తే, ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్‌కీ 1840లో, భాగాలుగా వస్తున్న ‘ది ఓల్డ్ క్యూరియాసిటీ షాప్’ నవలలోని చిన్నారి నెల్‌ని బతికించమని ఉత్తరాలు వచ్చాయి. ఆయన బతికించలేదు, పాఠకులు ఏడ్చారు, తర్వాతి నవల కూడా చదివారు.

పాతవారపత్రిక:
కామెంట్ల గురించి ఇంకొక్క మాట. పోస్ట్ చేశాక రెండు రోజులు ఊరికే చదవండి. ‘అన్నయ్యా, ఎందుకిలా చేశావ్’ అని పాత్రతో మాట్లాడుతుంటే బండి దారిలోనే ఉంది. ‘రైటర్ గారూ, ట్విస్ట్ కోసం చంపేశారా’ అని మీతో మాట్లాడేవాళ్ళు ఎక్కువైతే కారణం సరిగ్గా నాటుకోలేదన్నమాట, పాత భాగాలు తీసి చూసుకోండి. వాదించకండి, కామెంట్లు తీసెయ్యకండి, రాబోయేది లీక్ చెయ్యకండి. ‘మీ బాధ అర్థమైందండి, తర్వాతి భాగం బుధవారం వస్తుంది’ అని పెట్టి, బుధవారం తప్పకుండా ఇవ్వండి.