కంట్రోలర్ చేతికొస్తే పాత ఎన్‌బీఏ జట్లలో ఎవరిది పైచేయి?

పాతబంతి (ప్రశ్న):

మా బావమరిదీ నేనూ ప్రతి ఆదివారం ఎన్‌బీఏ 2కే ఆడుతుంటాం, అదే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మీద వచ్చే వీడియో గేమ్. ఇప్పటి జట్లను ముట్టుకోకూడదని, చరిత్రలో పేరుపడ్డ పాత జట్లతోనే ఆడాలని మేమిద్దరం పెట్టుకున్న నియమం. అతను ప్రతిసారీ 1995-96 చికాగో బుల్స్‌ను తీసుకుంటాడు. నాకు ల్యారీ బర్డ్ అంటే మొదటినుంచీ అభిమానం కనుక 1985-86 బోస్టన్ సెల్టిక్స్‌ను వదలలేకపోతున్నాను. రెండు నెలలుగా నేను గెలిచిన మ్యాచ్‌లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

నన్ను వేధిస్తున్నది ఓటమి ఒక్కటే కాదు. ఆ సెల్టిక్స్ జట్టు 82 మ్యాచ్‌లలో 67 గెలిచింది. సొంతగడ్డపై ఆ సీజన్ మొత్తంలో ఒక్కటంటే ఒక్కటే ఓడింది. ఫైనల్స్‌లో హ్యూస్టన్ రాకెట్స్‌ను 4-2తో ఓడించి టైటిల్ గెలుచుకుంది. బర్డ్, మెక్‌హేల్, పారిష్ ముందువరుసలో ఉండగా, బెంచి మీద బిల్ వాల్టన్ వంటివాడు కూర్చున్న జట్టు అది. అంతటి జట్టు నా చేతిలో ఎందుకు ఇంత నీరసంగా కనిపిస్తోంది? లోపం నాదా, ఆట నిర్మాణంలోనే ఉందా? అభిమానాన్ని పక్కన పెట్టి కేవలం ఆట లెక్క ప్రకారం చూస్తే మీరైతే ఏ పాత జట్టును ఎంచుకుంటారు?

మూడోగీత:

మీ లోపం కొంత ఉంటే ఉండవచ్చు గానీ, మీరు ఎంచుకున్న జట్టు బలాలన్నీ ఈ ఆటలో అక్కరకు రానివే కావడం అసలు చిక్కు. ముందుగా ఒక మాట అడుగుతాను: మీ క్వార్టర్ (మ్యాచ్‌లో నాలుగోవంతు) నిడివి ఎంత? చాలామంది ఐదారు నిమిషాలే పెట్టుకుంటారు. ఎన్‌బీఏలో క్వార్టర్ 12 నిమిషాలు. ఐదు నిమిషాల క్వార్టర్‌లో మొదటి అయిదుగురు అలసిపోయేలోపే ఆట ముగుస్తుంది కాబట్టి, ఆ ఏడాది ఉత్తమ ఆరో ఆటగాడిగా (బెంచి మీంచి దిగేవారిలో ఉత్తముడిగా) అవార్డు అందుకున్న వాల్టన్ కోర్టులోకి దిగే అవసరమే రాదు. మీ జట్టుకున్న పెద్ద ఆస్తి అలా పెట్టెలోనే ఉండిపోతుంది.

రెండోది మూడు పాయింట్ల షాట్ల సంగతి. ఆ సీజన్‌లో బర్డ్ వేసిన త్రీలు 82. లీగ్‌లో అందరికంటే ఎక్కువ వేసిన వాడు అప్పట్లో అతనే. సరిగ్గా ముప్పై ఏళ్ల తర్వాత, 2015-16లో స్టెఫెన్ కరీ ఒక్కడే 402 వేశాడు. 1979-80లో ప్రవేశపెట్టిన మూడు పాయింట్ల గీతను (దాని అవతలి నుంచి వేస్తేనే మూడు) ఎనభైలనాటి జట్లు అత్యవసరమైతే తప్ప వాడేవి కావు. మీరు మెక్‌హేల్‌తో బుట్ట దగ్గర చక్కటి అడుగులు వేయించి రెండు పాయింట్లు తెచ్చుకునే లోపు, ఎదుటివాడు ఒక్క బటన్ నొక్కి మూడు తెచ్చుకుంటాడు. ఇలా పదిసార్లు జరిగితే పది పాయింట్ల తేడా వచ్చేస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ సెల్టిక్స్ గొప్పతనం పాస్‌లలో ఉండేది. తోటివాడు ఎక్కడికి చేరబోతున్నాడో బర్డ్ ముందే పసిగట్టేవాడు. ఆటలో అతని పాస్ రేటింగ్ ఎంత ఎక్కువ ఇచ్చినా, బంతి ఎవరికి ఇవ్వాలో చూడవలసిన కళ్లు మాత్రం మీవే.

కేవలం గెలుపే కావాలంటే నా ఓటు 2015-16 గోల్డెన్ స్టేట్ వారియర్స్‌కే. 73 విజయాలు, 9 ఓటములు. జట్టు మొత్తం మీద 1,077 త్రీలు. గీతకు నాలుగడుగుల అవతల నుంచి కూడా నమ్మకంగా షాట్ వేయగల ఆటగాడు చేతిలో ఉంటే ఎదుటివాడి డిఫెన్స్ మొత్తం చెదిరిపోతుంది.

గోడకాపు:

మూడోగీత గారితో క్వార్టర్ నిడివి విషయంలో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఎంపికతో మాత్రం ఏకీభవించలేను. 2015-16 జట్టును పాత జట్టు అనడమే నాకు మింగుడుపడటం లేదు. పైగా ఫైనల్స్‌లో 3-1 ఆధిక్యంలో ఉండి క్లీవ్‌ల్యాండ్ చేతిలో 4-3తో ఓడిన జట్టది. నేను చూసినంతలో ఈ ఆటలో అన్నివిధాలా నిలబడగలిగిన పాత జట్టు మీ బావమరిది తీసుకునే బుల్సే. జోర్డాన్, పిప్పెన్, హార్పర్ ముగ్గురూ పొడగరులు, ముగ్గురూ బుట్టకు దూరంగా ఆడే ఎవరినైనా కాయగలరు. అందువల్ల మీరు స్క్రీన్ పెట్టి (తోటివాడిని అడ్డంగా నిలిపి) డిఫెండర్‌ను మార్పించినా బలహీనుడు ఎదురుపడడు. వారి వెనుక, ఆ సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 14.9 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతులు) లాగిన రాడ్‌మన్ ఉంటాడు కాబట్టి, తప్పిన మీ షాట్‌కు రెండో అవకాశం దాదాపు ఉండదు.

అయితే ఈ జట్టు విషయంలో చాలామంది గమనించని ఒక తిరకాసు ఉంది. 1994-95 నుంచి 1996-97 వరకు మూడు సీజన్ల పాటు ఎన్‌బీఏ మూడు పాయింట్ల గీతను బుట్టకు దగ్గరగా, అంతటా 22 అడుగుల దూరానికి జరిపింది. అంతకుముందూ ఆ తర్వాతా మధ్యభాగంలో దాని దూరం 23 అడుగుల 9 అంగుళాలు. దగ్గరి గీత ఉన్న ఆ 1995-96లో జోర్డాన్ త్రీలలో 42.7 శాతం సాధించాడు. అతని కెరీర్ మొత్తం సగటు 32.7 శాతమే. ఆట తయారుచేసేవారు ఆ సీజన్ శాతాన్నే రేటింగ్‌గా మార్చి, ఆటగాడిని ఇప్పటి గీత వెనుక నిలబెడితే, ఆ జోర్డాన్ నిజ జోర్డాన్ కంటే గొప్ప షూటర్ అయిపోతాడు.

పాతబంతి గారూ, మీ బావమరిదిని కట్టడి చేయాలంటే ఒక దారి ఉంది. రాడ్‌మన్ ఆ ఏడాది సగటున వేసినవి అయిదున్నర పాయింట్లే. అతన్ని కాసే పని పారిష్‌కు అప్పగించి, పారిష్‌ను బుట్ట దగ్గరే నిలిపి, జోర్డాన్ లోపలికి దూసుకొచ్చిన ప్రతిసారీ రెండోవాడిగా అడ్డం పంపండి. రాడ్‌మన్ చేతికి బంతి వెళ్తే వెళ్లనివ్వండి. స్టీవ్ కెర్ కోర్టులోకి వచ్చినప్పుడు మాత్రం ఈ ఎత్తు మానుకోండి. ఆ సీజన్‌లో త్రీలలో అతనిది 51.5 శాతం.

పెయింట్‌లో_నేనే:

ఇంత చర్చలో షకీల్ ఓనీల్ పేరు రాకపోవడం విచిత్రంగా ఉంది. 2000-01 లాస్ ఏంజిలిస్ లేకర్స్ ప్లేఆఫ్స్‌లో 15 గెలిచి ఒక్కటే ఓడింది. ఆ ఒక్కటీ ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో ఐవర్సన్ ఆడిన ఫిలడెల్ఫియా చేతిలో. షక్‌కు బుట్ట దగ్గర బంతి అందిందంటే ఆట తెరమీద కూడా ఆపగలిగేవాడు లేడు, పక్కన కోబీ బ్రయంట్ ఉండనే ఉన్నాడు.

కాకపోతే ఇక్కడా ఆట ఆనాటి నియమాలను చెరిపేస్తుంది. ఆ సీజన్ వరకు ఎన్‌బీఏలో జోన్ డిఫెన్స్ (ఆటగాడిని కాకుండా కోర్టులో ఒక ప్రాంతాన్ని కాయడం) నిషిద్ధం. బంతి రాకముందే ఒకరు ముందు, ఒకరు వెనుక చేరి షక్‌ను బంధించడం ఆనాడు చట్టవిరుద్ధం. 2001-02 నుంచే ఆ నియమాన్ని సడలించారు. మన ఆటలో ఇప్పటి నియమాలే నడుస్తాయి కనుక ఎదుటివాడు మొదటినుంచే అతన్ని చుట్టుముట్టవచ్చు. కావాలని ఫౌల్ చేసి ఫ్రీ త్రో గీత దగ్గరికి పంపేవాళ్లూ ఉంటారు. ఆ సీజన్‌లో అతని ఫ్రీ త్రో శాతం 51.3. అక్కడ మీ బొటనవేలు ఎంత కుదురుగా ఉన్నా లాభం తక్కువే.

ఇదే కారణంగా 1988-89 డెట్రాయిట్ పిస్టన్స్‌ను ఎవరికీ సిఫారసు చేయను. వారి మోటు డిఫెన్స్‌ను ఇప్పటి నియమాలతో ఆడిస్తే ప్రతి రెండో స్పర్శకూ ఈల మోగుతుంది.

నాణెంవేసినవాడు:

పిస్టన్స్ మాట వచ్చింది కాబట్టి చిన్న పిట్టకథ. 1993 నాటి ఎన్‌బీఏ జామ్ ఆర్కేడ్ ఆటను రూపొందించిన మార్క్ టర్మెల్ పిస్టన్స్ వీరాభిమాని. పిస్టన్స్‌తో ఆడేటప్పుడు బుల్స్ చివరి క్షణాల్లో వేసే షాట్లు తప్పిపోయేలా తానే కోడ్ రాశానని ఆయన తర్వాత ఒప్పుకున్నాడు. పైగా లైసెన్సు చిక్కుల వల్ల ఆ ఆటలో జోర్డాన్ లేనేలేడు. కాబట్టి బుల్స్‌ను ఓడించాలన్న పట్టుదలే ఉంటే, పాతబంతి గారు మీ బావమరిదిని ఆ యంత్రం ముందుకు తీసుకెళ్లండి.

మూడోగీత:

గోడకాపు గారి గీత వాదన బాగుంది, నేను ఆ కోణంలో ఆలోచించలేదు. వారియర్స్‌ను పాత జట్టుగా ఒప్పుకోకపోతే, ఎనభైలను వదలలేని వారికి 1986-87 లేకర్స్ అని సవరిస్తాను. మ్యాజిక్ జాన్సన్ ఆ ఏడాది సగటున 12.2 అసిస్టులు (తోటివాడి బుట్టకు దారితీసే పాస్‌లు) ఇచ్చి అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. రీబౌండ్ అందగానే వర్తీ, స్కాట్ చెరో వైపు పరుగెత్తితే చాలు, త్రీల లోటును ఫాస్ట్‌బ్రేక్ పూడుస్తుంది. వేగానికి ఏ కాలం నియమమూ అడ్డు రాదు. బర్డ్ అభిమాని ఆ పసుపు జెర్సీ పట్టుకోగలడా అన్నది వేరే ప్రశ్న.

పాతబంతి:

పసుపు జెర్సీ మాత్రం నా వల్ల కాదు, క్షమించండి. మా క్వార్టర్ ఆరు నిమిషాలే ఉండేది. నిన్న మొదటిసారి 12 నిమిషాలు పెట్టి సెల్టిక్స్‌తోనే ఆడాను. గోడకాపు గారు చెప్పినట్టు రాడ్‌మన్‌ను వదిలేసి, పారిష్‌ను బుట్ట దగ్గరే ఉంచాను. రెండో క్వార్టర్ సగంలో పారిష్ అలసిపోతే, రెండు నెలల్లో తొలిసారి వాల్టన్‌ను దించవలసి వచ్చింది. చివరికి నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాను. అంతకుముందు ఇరవైకి తగ్గకుండా ఓడేవాడిని. వచ్చే ఆదివారం మళ్లీ ఆరు నిమిషాలకు మార్చమని బావమరిది ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. ఒప్పుకోలేదు.